మూడో నెలలోనే చూడమంటున్నాం

మా దగ్గర ఒక కార్డు వుంది. కడుపుతో వున్న ఆడవాళ్ళకు సర్కారు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు. నాలుగేళ్ళ కిందట చనిపోయిన ఒక పిల్లది. పిల్ల అనే అంటాం, మా దగ్గర ఆరు నుంచి పది దాకా చదువుకుంది కాబట్టి. లెక్కల్లో చురుకు. ఇంటర్ అయింది, పెళ్ళయింది, ఇరవై రెండేళ్ళకి తొలి కాన్పుకని పుట్టింటికొచ్చి, ఎనిమిదో నెలలో గుర్రపు వాతం వచ్చి పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

ఆ కార్డులో బీపీ అని ఒక గడి వుంటుంది. చూసినప్పుడల్లా రాయాలి. ఐదు గడుల్లోనూ 110/70 అనే వుంది. ఐదూ ఒకే కలం, ఒకే చెయ్యి, ఒకే వాలు. ఇరవై ఏళ్ళుగా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్న వాళ్ళం మేము. చేసిన లెక్కేదో, పక్కవాడి దాంట్లో చూసి దించిన లెక్కేదో చూడగానే తెలుస్తుంది. ఇది చేసిన లెక్క కాదు.

వాళ్ళమ్మని అడిగాం, చేతికి పట్టీ చుట్టి చూశారా అని. "మిషను పాడయిందంట సారూ. రాసుకుని పొమ్మంది" అంది. అంటు వల్ల అని మేము అనం. అలా అంటే ఆ నర్సమ్మకి బాధేస్తుంది, ఆమె మంచిదే అని ఊళ్ళో అందరూ అంటారు. కానీ ఆ పూటే పెద్ద వీధిలో రెండిళ్ళలో పనిచేసిన మిషను మన పల్లెలోకి వచ్చేసరికే పాడయిందంటే దానికి కారణం ఏమిటో మిషన్నే అడగాలి.

ఏడో నెలలో ఆ పిల్లకి కాళ్ళు వాచాయి. కడుపుతో వున్నోళ్ళకి మామూలే అన్నారు. చెప్పులు పట్టలేదు. మొహం ఉబ్బితే నిగారింపు వచ్చింది, మగపిల్లాడే అన్నారు. తలనొప్పంటే బామ్ రాశారు. కళ్ళ ముందు మెరుపులు మెరుస్తున్నాయంటే నీరసం అన్నారు. రొమ్ము కింద డొక్కలో పోటంటే ఆరెంపీ గ్యాసని సూది పొడిచాడు. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని ఒకరు, ఎవరో చేయించారని ఒకరు. కాసేపు ప్రార్థన పెట్టారు. 108 బండి వచ్చేలోపు మూడుసార్లు వచ్చిపోయాయి. మొదటి ఆస్పత్రిలో చీటీ రాసి రెండో ఆస్పత్రికి పంపారు. రెండో ఆస్పత్రి గేటు దాటాక ఎంతోసేపు లేదు.

ఇందులో ఒక్కరు కత్తి పట్టలేదు. ఒక్కరు గొడ్డలి ఎత్తలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మన చావుల్ని మనం లెక్కపెట్టుకోవటం నేర్పాయి. పేర్లు రాశాం, స్తూపాలు కట్టాం, కోర్టుల చుట్టూ తిరిగాం. కానీ కాన్పు మంచం మీద పోయినవాళ్ళ జాబితా మన ఏ సంఘం దగ్గరా లేదు. ఏ సభలోనూ వాళ్ళ పేర్లు చదవలేదు. అది ఆడవాళ్ళ సంగతి అనుకున్నాం. మేమూ అనుకున్నాం, వేరే వాళ్ళ మీదకి తోసెయ్యటం లేదు.

సర్కారు దగ్గర లెక్కలున్నాయి. 2018 నుంచి 2020 దాకా తీసిన లెక్కలో లక్ష కాన్పులకి దేశంలో 97 మంది తల్లులు చనిపోతే ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది. మనం మెరుగే అని మంత్రులు చెప్పుకున్నారు. మెరుగే, కాదనం. కానీ ఆ 45 మందిలో మాల, మాదిగ, రెల్లి, ఎరుకల, యానాది ఎందరో ఆ లెక్క చెప్పదు. రాష్ట్రాల వారీగా చెబుతుంది, కులాల వారీగా చెప్పదు. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం వేసిన నివేదిక ఒకటుంది. మన దేశంలో చనిపోయిన దళిత స్త్రీల సగటు వయసు, పైకులాల స్త్రీల సగటు వయసు కన్నా 14.6 ఏళ్ళు తక్కువని అందులో రాశారు. పద్నాలుగున్నరేళ్ళంటే ఒక పిల్ల పుట్టి తొమ్మిదో తరగతికి వచ్చేంత కాలం. అంత కాలం తల్లి లేకుండా మన పిల్లలు పెరుగుతున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాం.

మా అవ్వ మంత్రసాని. ఊళ్ళో పెద్దిళ్ళ కాన్పులన్నీ ఆమే చేసింది. దొడ్డి తలుపు నుంచి లోపలికి పోయేది, బిడ్డని బయటికి తీసేది, మళ్ళీ దొడ్డి తలుపు నుంచే వచ్చేది. ఆమె వచ్చాక ఆ గది కడుక్కునేవాళ్ళు. ఆ అవ్వ కడుపుతో వున్న ఆడమనిషి ముంగాలు మీద బొటనవేలితో నొక్కి చూసేది. గుంట పడి పూడకపోతే "నీరు పట్టింది, దీన్ని జాగర్తగా చూసుకోండి" అనేది. గుర్రం తన్నినట్టు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి కాబట్టి గుర్రపు వాతం అంటారని ఆమే చెప్పింది. ఆమెకి అక్షరం రాదు గానీ గుర్తులు తెలుసు. కాకపోతే ఆ గుర్తులు కనపడేది ఏడో నెలకి. అప్పటికి జబ్బు ఇంట్లోకి వచ్చి కూర్చునుంటుంది.

ఇప్పుడు డాక్టర్లు దీన్ని రెండు మెట్లుగా చెబుతారు. 20 వారాలు దాటాక, అంటే అయిదో నెల తర్వాత, బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవటమో, కిడ్నీ, కాలేయం లాంటివి దెబ్బతినటమో వుంటే ప్రీ-ఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, అదే మన గుర్రపు వాతం. ప్రపంచంలో తల్లుల చావులకి కారణాలు లెక్కగట్టి 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు చెప్పిందాని ప్రకారం నూటికి 14 చావులు ఈ బీపీ జబ్బుల వల్లే. రక్తస్రావం మొదటిది, దాని తర్వాత ఇదే.

జబ్బు ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. బిడ్డకి తిండీ గాలీ అన్నీ మాయ నుంచే పోతాయి. మాయకి రక్తం తల్లి గర్భసంచి నాళాల నుంచి రావాలి. అవి మామూలుగా సన్నగా వుంటాయి. మొదటి నెలల్లో మాయ లోపలికి వేళ్ళు దించి ఆ సన్న నాళాల్ని వెడల్పు చేసుకుంటుంది. మడికి నీళ్ళు పెట్టే ముందు మనం పారతో బోదె వెడల్పు చేస్తామే, అలాగ. బోదె వెడల్పయితే నీళ్ళు నిండుగా, నిదానంగా పారతాయి. సరిగా తవ్వకపోతే నీరు అదటున వచ్చి ఆగిపోతుంది, మడి మూల ఎండుతుంది. రక్తం చాలని మాయ తల్లి ఒంట్లోకి కొన్ని చెడు పదార్థాలు వదులుతుంది. అవి తలనుంచి కాళ్ళ దాకా వున్న రక్తనాళాలన్నిటినీ పాడు చేస్తాయి. బీపీ పెరగటం, కళ్ళు మసకలు, డొక్కలో పోటు, బిడ్డ ఎదగకపోవటం, అన్నీ దాని పిల్లలే. చూశారా, జబ్బు బయటపడేది అయిదో నెల తర్వాత. బోదె తవ్వకం చెడేది అంతకు ముందే.

అంతకు ముందే చూడొచ్చా? చూడొచ్చు. స్కానింగులో చూడొచ్చు.

పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం లోపల, అంటే మూడో నెల నిండే రోజుల్లో, మామూలుగా పొట్ట మీద పెట్టే అదే స్కానింగ్ మిషనుతో గర్భసంచికి రెండు పక్కలా వచ్చే పెద్ద రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో కొలుస్తారు. డాప్లర్ అంటారు. గుబ్బు గుబ్బుమని చప్పుడు వినపడుతుంది, తెర మీద గీతలు కదులుతాయి. ఎడమకొక అంకె, కుడికొక అంకె, రెండిటి సగటు. అంకె ఎక్కువుంటే నాళం బిగుసుకుని వుందని అర్థం. సూది లేదు, కోత లేదు. బిడ్డని చూడటానికి ఎట్లాగూ చేసే స్కానింగులోనే ఇంకో కాసేపు.

ఆ ఒక్క అంకె చాలదు. తల్లి వయసు, బరువు, తొలి కాన్పా కాదా, కవలలా, ఇంతకు ముందు కాన్పులో బీపీ వచ్చిందా, సుగరుందా, కిడ్నీ జబ్బుందా, వాళ్ళమ్మకో అక్కకో ఇట్లా వచ్చిందా, ఇవన్నీ అడగాలి. రెండు చేతులకీ బీపీ చూడాలి. ఊరికే కాదు, మనిషిని కాసేపు కూర్చోబెట్టి, రెండుసార్లు. పై అంకె, కింది అంకె రెండూ కలిపి సగటు బీపీ కడతారు. అది మా ఏడో తరగతి పిల్లలు చేసే లెక్కే: పై అంకెలోంచి కింది అంకె తీసేసి, వచ్చినదాంట్లో మూడో వంతు కింది అంకెకి కలపాలి. 120/80 అయితే 93 దాటుతుంది. వీలున్న చోట మాయ వదిలే ఒక పదార్థాన్ని రక్త పరీక్షలో కూడా చూస్తారు. అది ఖరీదు, పెద్ద వూళ్ళ లాబుల్లోనే వుంది. అది లేకుండా కూడా మిగతావాటితో లెక్క కట్టొచ్చు, పట్టు కొంచెం తగ్గుతుంది.

ఇదంతా లండన్‌లో నికొలైడిస్ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ ఏళ్ళ తరబడి వేలమంది గర్భిణీలని చూసి కట్టిన లెక్క. 2017లో వాళ్ళు ఒక పరీక్ష ఫలితం అచ్చేశారు. ఈ లెక్కలో ముప్పు ఎక్కువని తేలిన 1776 మంది స్త్రీలని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, ఇంకో జట్టుకి ఉత్త బిళ్ళ. మూడో నెల చివర మొదలుపెట్టి 36వ వారం దాకా. నెలలు నిండకముందే వచ్చే ప్రీ-ఎక్లాంప్సియా ఉత్త బిళ్ళ జట్టులో నూటికి 4.3 మందికి వచ్చింది. ఆస్పిరిన్ జట్టులో నూటికి 1.6 మందికే. మూడింట రెండొంతులకి దగ్గరగా తగ్గింది. రెండేళ్ళ తర్వాత 2019లో ప్రపంచ ప్రసూతి డాక్టర్ల సమాఖ్య గర్భిణీలందరికీ మూడో నెలలోనే ఈ ముప్పు లెక్క కట్టండి అని చెప్పింది.

ఆస్పిరిన్ అంటే ఏమిటి? గుండె జబ్బు వచ్చిన ముసలాళ్ళ జేబులో వుండే బిళ్ళ. అత్యవసర మందుల జాబితాలో వున్న బిళ్ళ. నెలంతటికీ అయ్యే ఖర్చు ఒక్క రోజు మిరపకాయల కోత కూలీలో చిన్న ముక్క. ఇంత చవక బిళ్ళకి దారి చూపించేది ఆ స్కానింగు. ఆలస్యమైతే బిళ్ళకి బలం లేదు. పదహారో వారం దాటకముందే మొదలుపెట్టాలి. ఏడో నెలలో కాళ్ళు వాచాక వేస్తే పారిపోయిన గొడ్డుకి దడి కట్టినట్టే.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకెళ్ళి బిళ్ళలు కొనుక్కొచ్చి మింగొద్దు. కడుపులో పుండు వున్నవాళ్ళకి, రక్తం ఆగని జబ్బున్నవాళ్ళకి, కొందరు వుబ్బసం వాళ్ళకి అది పడదు. డాక్టరు చూసి చెప్పాలి. ఆరెంపీ కాదు, డాక్టరు.

ఇంకో మాట. స్కానింగు జోస్యం కాదు. ఆ రక్త పరీక్ష కూడా కలిపి చూస్తే, నెలలు నిండకముందే జబ్బు వచ్చేవాళ్ళలో నలుగురిలో ముగ్గుర్ని ముందే పట్టుకుంటుంది. నాలుగో మనిషి తప్పిపోతుంది. నెలలు నిండాక వచ్చే రకాన్ని సగం మందిలో కూడా పట్టుకోలేదు, దానికి ఆస్పిరిన్ కూడా పెద్దగా పనిచెయ్యదు. ముప్పుందని చెప్పిన వాళ్ళలో చాలామందికి ఏమీ రాదు కూడా. కాబట్టి మూడో నెల స్కానింగు బాగుంది అన్నారని నెల నెలా బీపీ చూడటం మానుకుంటే మళ్ళీ మొదటికే వస్తాం. కాన్పయ్యాక కూడా ఆరు వారాలు ఈ ముప్పు వుంటుంది.

మరి ఈ స్కానింగు ఎవరికి దొరుకుతోంది? పట్నంలో డబ్బున్నవాళ్ళకి దొరుకుతోంది. మూడో నెలలో వాళ్ళ ఆడపిల్లలకి ఎన్‌టీ స్కాన్ అని తీస్తారు, మంచి డాక్టరయితే దాంతోపాటే రక్తనాళాలు కొలుస్తారు, రాత్రిపూట వేసుకోమని బిళ్ళ రాస్తారు. మన ఆడపిల్లలకి? 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం వుంది. సర్కారు ఆస్పత్రిలో గర్భిణీలకి మందులు, పరీక్షలు, స్కానింగుతో సహా వుచితం. కాగితం మీద హక్కు వుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు చూడాలి. బాగుంది. కానీ ఆ 9వ తారీఖు హామీ ఎవరికి? నాలుగో నెల నుంచి పైవాళ్ళకి. పథకం రాసినవాళ్ళే మూడో నెలని వదిలేశారు. బోదె తవ్వే కాలంలో మనల్ని చూసేవాళ్ళు లేరు, మడి ఎండాక లెక్క రాసుకోవటానికి వస్తారు. అయిదో నెలలో టిఫా అని తీసే స్కానింగు బిడ్డ అవయవాల కోసం. అదీ కావాలి. కానీ అది ఇది కాదు. "స్కానింగు అయిపోయిందిగా" అంటే ఏ స్కానింగు అని అడగాలి.

పోయిన నెల మా సంఘం వాళ్ళం నలుగురం ఏరియా ఆస్పత్రికి పోయి అడిగాం. మిషను వుంది. దాంట్లో డాప్లర్ వుంది. స్కానింగు డాక్టరు వారానికి రెండు రోజులే వస్తారు. మూడో నెలలో గర్భసంచి నాళాలు కొలుస్తారా అంటే, "ఇక్కడ అది అడిగినవాళ్ళు లేరండీ" అని జవాబు. ఆ మాటలో మోసం లేదు. నిజమే చెప్పారు. అడిగినవాళ్ళు లేరు.

పల్లెటూరి సర్కారు ఆస్పత్రుల వాళ్ళతో ఇది కుదిరే పనేనా అనేవాళ్ళకి ఒక సంగతి. భారత రేడియాలజిస్టుల సంఘం సంరక్షణ్ అనే పేరుతో ఈ పనే పెట్టుకుంది. మధ్యప్రదేశ్‌లో గుణ జిల్లా వుంది. మన పల్నాడు కన్నా, మన పాలమూరు కన్నా వుద్ధరించబడిన జిల్లా ఏమీ కాదు. అక్కడ మూడో నెల గర్భిణీలకి ఈ డాప్లరూ, సగటు బీపీ కలిపి లెక్క కట్టి, ముప్పున్నవాళ్ళకి ఆస్పిరిన్ మొదలుపెట్టించారు. రక్త పరీక్ష లేకుండానే. గుణలో అయింది గుంటూరులో ఎందుకు కాదు?

మా మిత్రుల్లో కొందరు దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ళ మాటలూ రాస్తాం, దాచుకోం.

ఒకాయన అన్నాడు: "తినటానికి తిండి లేదు, ఒంట్లో రక్తం లేదు, స్కానింగు కావాలా మీకు?" తిండి కావాలి. రక్తం కావాలి. కాల్షియం కావాలి. ఆ కాల్షియం బిళ్ళలు నాలుగో నెల నుంచి రోజుకి రెండు చొప్పున ఇవ్వాలని 2014లోనే కేంద్రం రాసింది. తిండిలో కాల్షియం తక్కువున్న చోట అవి ఈ జబ్బునే తగ్గిస్తాయి. 2024లో బెంగళూరులో 11 వేలమంది, టాంజానియాలో 11 వేలమంది తొలి కాన్పు స్త్రీల మీద చేసిన పరీక్షలో రోజుకి 500 మిల్లీగ్రాములు కూడా 1500కి తీసిపోకుండా పనిచేస్తుందని తేలింది. మన ఇళ్ళలో ఆ బిళ్ళలు గూట్లో పడివుంటాయి, సున్నం వాసనని మింగరు. మింగించాలి. కానీ తిండి ముందు, స్కానింగు తర్వాత అనే వరస ఎవరు పెట్టారు? వాళ్ళ పిల్లలకి కంప్యూటర్లు, మన పిల్లలకి పలకలు అన్నప్పుడు మనం ఇట్లాంటి వరసనే విన్నాం. ముందు అక్షరాలు నేర్చుకోండి, తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత రాలేదు.

ఇంకొకామె, మా తోటి టీచరమ్మే, వేరే భయం చెప్పింది. యంత్రం వస్తే వెనకే కత్తి వస్తుంది అని. ఆమె భయానికి ఆధారం వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రలో 42.4 కాన్పులు ఆపరేషన్లే. స్కానింగు సెంటర్లు వీధికొకటి పుట్టాయి. వుమ్మనీరు తక్కువుందని, పేగు మెడకి చుట్టుకుందని బెదిరించి కోసినవాళ్ళని మన పల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. అందుకే మేము ప్రైవేటులో తీయించుకోండి అనటం లేదు, సర్కారు ఆస్పత్రిలో తీయమంటున్నాం. పైగా ఈ స్కానింగు చెప్పే వైద్యం కత్తి కాదు, చవక బిళ్ళ. దీంట్లో లాభం లేదు కాబట్టే దీన్ని గురించి గోడల మీద బోర్డులు లేవేమో అని మా అనుమానం.

ఆడా మగా చూసి ఆడపిల్లని తీసేయించటానికి స్కానింగుని వాడారు కాబట్టి 1994లో చట్టం వచ్చింది. ఆ చట్టం వుండాలి. దాన్ని సడలించి ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికి మిషను ఇవ్వమని మేము అడగం. ఆ వంకతో సర్కారు డాక్టర్ని వెయ్యకుండా తప్పించుకోకూడదు అంటున్నాం. పోస్టులు నింపండి. ఏరియా ఆస్పత్రిలో వారానికి రెండు రోజులు కాదు, రోజూ స్కానింగు డాక్టరుండాలి. ఆ డాక్టరుకి నాళాలు కొలవటంలో తర్ఫీదు వుండాలి. కార్డులో ఆ అంకెకి ఒక గడి వుండాలి. 9వ తారీఖు హామీ మూడో నెలకీ రావాలి. సబ్‌సెంటర్‌లో మిషను పాడయితే పాడయిందని రాయాలి, 110/70 అని రాయకూడదు. ఫిట్స్ వచ్చిన మనిషిని చీటీ రాసి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ సూది మొదటి డోసు పడాలి. 33 దేశాల్లో పదివేలమంది పైగా స్త్రీల మీద పరీక్షించి, ఫిట్స్‌ని సగానికి పైగా ఆపుతుందని 2002లోనే తేల్చిన మందు అది. మొదటి డోసు ఇచ్చి పంపమని సర్కారు మార్గదర్శకాల్లోనే వుంది. ఆ పిల్లకి అది పడిందో లేదో చీటీ మీద లేదు.

ఇవి దయాధర్మంగా అడిగేవి కావు. 1928లో బొంబాయి శాసన మండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు యజమానుల వైపువాళ్ళు ఖర్చు ఖర్చు అని గోలపెడితే బాబాసాహెబ్ లేచి ఆ బిల్లుని సమర్థించాడు. కడుపుతో వున్న స్త్రీకి విశ్రాంతి ఇవ్వటం దేశానికే మేలని, ఆ భారంలో సర్కారుకీ వాటా వుండాలని వాదించాడు. మన సంఘాల ఆఫీసుల్లో ఆయన ఫొటో వుంది. ఈ ప్రసంగం గురించి మాత్రం ఏప్రిల్ 14 సభల్లో మేము ఒక్కసారీ వినలేదు.

మన ఇళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. కడుపొస్తే మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది అంటారు మన అత్తలు. ఆశా కార్యకర్తకి కూడా చెప్పరు. అంటే ఈ పరీక్షకి వున్న మూడు వారాలూ దాపరికంలోనే పోతాయి. సంక్రాంతి దాటాక మిరప కోతలకి పోతారు, ఇటుక బట్టీలకి పోతారు, అక్కడే నెలలు దొర్లిపోతాయి. కార్డు ఇక్కడ, మనిషి అక్కడ. మేస్త్రీకి ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా రానివ్వరు. అత్తలారా, నెల తప్పితే దిష్టి తియ్యండి, ఎర్రనీళ్ళు దిగదుడవండి, ఏమైనా చెయ్యండి, కానీ ఆశా కార్యకర్తకి రెండో నెలలోనే చెప్పండి. స్కానింగు వల్ల బిడ్డకి దెబ్బ అనేది వుత్త మాట, అది ఎక్సురే కాదు, చప్పుడుతో చూసేది. మగవాళ్ళూ, మీరు బయట బీడీ కాలుస్తూ నిలబడటం కాదు. లోపలికి రండి, బీపీ ఎంతుందో అడగండి, కార్డులో రాయించండి.

చనిపోయిన పిల్లకి చెల్లెలుంది. ఆమెకీ మేమే చదువు చెప్పాం. అక్కంత చురుకు కాదు గానీ మొండిది. దానికిప్పుడు పదకొండో వారం. అక్కకి వచ్చింది కాబట్టి ముప్పు లెక్కలో ఆమె పేరు ముందే వుంటుంది. ఏరియా ఆస్పత్రి సూపరింటెండెంటుకి మా సంఘం తరపున అర్జీ ఇచ్చాం. ఈ పరీక్ష మూడో నెలలో చెయ్యండి, చెయ్యలేకపోతే ఎందుకు చెయ్యలేరో రాతమూలకంగా ఇవ్వండి అని. రసీదు తీసుకున్నాం. వచ్చే మంగళవారం స్కానింగు డాక్టరు వచ్చే రోజు. మీ మండలాల్లో కూడా ఇట్లాగే అర్జీలిచ్చి ఏం జవాబొచ్చిందో పత్రికకి రాయండి, వచ్చే సంచికల్లో అన్నీ వేయిద్దాం.

మంగళవారం పొద్దున ఆరున్నర బస్సుకి పోతున్నాం. ఆ పిల్లా, దాని మొగుడూ, వాళ్ళమ్మా, మేమిద్దరం. నిన్న వాళ్ళింటికి పోతే వాళ్ళమ్మ సంచి సర్దుతోంది. మంచినీళ్ళ సీసా, దుప్పటి, కొత్త కార్డు. పెద్దపిల్ల పాత కార్డు మా దగ్గరుంటే అదీ ఇమ్మని అడిగి తీసుకుని, కొత్త దాని కింద పెట్టింది.